సముద్రానికి అరకిలోమీటరు దూరంలో స్నూకర్ టేబుల్

భీమిలి రోడ్డులో ఇల్లు కట్టిస్తున్న మిత్రుడొకరు మొన్న ఫోన్ చేశారు. కింద అంతస్తులో స్నూకర్ గది వేస్తున్నారట. పన్నెండడుగుల ఫుల్ సైజ్ టేబుల్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేశారట. "ఏసీ ఎన్ని టన్నులది పెట్టించమంటారు?" అని అడిగారు. టన్నుల లెక్కతో మొదలుపెట్టారంటే, ఒకప్పుడు నేను చేసిన పొరపాటే ఆయనా చేయబోతున్నారని అర్థమైంది. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. ఆయనకి చెప్పాల్సిందంతా ఇక్కడ రాస్తున్నాను. విశాఖలోనో కాకినాడలోనో మచిలీపట్నంలోనో, ఇంట్లో టేబుల్ పెట్టుకుని బాధపడుతున్న మరొకరికి కూడా పనికొస్తుంది.

మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో. డాబా ఎక్కితే సముద్రం కనబడుతుంది. నేను మర్చంట్ నేవీలో చీఫ్ ఆఫీసర్‌గా చేసి 2010లో ఒడ్డున పడ్డాను. ఆట మాత్రం చిన్ననాటిది. నాన్నగారు మెంబరుగా ఉన్న క్లబ్బులో బిలియర్డ్స్ గది గుమ్మం దగ్గర నేనూ అన్నయ్యా గంటలు గంటలు నిలబడి చూసేవాళ్లం. పిల్లలకి లోపలికి ప్రవేశం లేదు. అక్కడి మార్కర్, అంటే టేబుల్ చూసుకుంటూ స్కోరు పెట్టే మనిషి, రోజూ మధ్యాహ్నం మూడింటికి టేబుల్ మీద దుప్పటి తీసి, బాక్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్ల బంతి వైపుకి బ్రష్ కొట్టి, అదే దిశలో ఇస్త్రీ పెట్టి లాగేవాడు. ఆ తర్వాత చేతి వెనకభాగం క్లాత్‌కి ఆనించి చూసి, "ఇవాళ బల్ల బరువుగా ఉంది బాబూ" అనేవాడు. బల్ల బరువెక్కడమేమిటో అప్పుడు తెలియలేదు. సొంత టేబుల్ వచ్చాక తెలిసింది.

2012లో టేబుల్ దిగింది. గది ఇరవై రెండడుగులు పొడవు, పదహారు వెడల్పు, పది ఎత్తు. ఆడే స్థలం పదకొండడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు ఇంటూ అయిదడుగుల పది అంగుళాలు కాబట్టి, చుట్టూ క్యూ (బంతిని కొట్టే కర్ర) పట్టిన చెయ్యి ఆడడానికి ఆమాత్రం గది ఉండాలి. టేబుల్ అడుగున అయిదు స్లేటు పలకలు. ఒక్కోటీ 45 మిల్లీమీటర్ల మందం. ఆ రాయి ఒక్కటే సుమారు 800 కిలోలు ఉంటుంది. ఈ 800 కిలోల సంగతి గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మొదటి రెండేళ్లూ కిటికీలు తీసి, ఫ్యాన్ వేసుకుని ఆడాం. డిసెంబరు, జనవరి నెలల్లో టేబుల్ అద్భుతంగా పరిగెత్తేది. మార్చి చివరికొచ్చేసరికి ఉక్కపోత మొదలవుతుంది, దాంతోపాటే బంతి నడక మారేది. బాక్ నుంచి నల్ల బంతి దాకా వెళ్లాల్సిన దెబ్బ గులాబీ బంతి దాటి ఆగిపోయేది. కుషన్‌కి (టేబుల్ అంచున ఉండే రబ్బరుకి) తగిలి వచ్చే కోణం కూడా తేడా కొట్టేది. కొట్టాల్సిన బంతికి వేరే బంతి అడ్డొచ్చినప్పుడు, మూడు కుషన్ల మీద ఆ స్నూకర్ నుంచి బయటపడదామంటే ప్రతిసారీ ఒక బంతి వెడల్పు దూరంలో తప్పిపోయేది. అన్నయ్య తన కళ్లదే తప్పనుకుని కళ్లజోడు మార్పించుకున్నాడు. నేను క్యూ టిప్ మార్చుకున్నాను.

ఆ తర్వాత హుద్‌హుద్. 2014 అక్టోబరు 12. తూర్పు కిటికీ అద్దం పగిలి వాన నీళ్లు నేరుగా టేబుల్ మీద పడ్డాయి. ఊరంతా చీకటి, రోజుల తరబడి కరెంటు లేదు. చేసేదేమీ లేక, ఇంకా తడవకుండా ఉంటుందని పాలిథీన్ షీటు కప్పి తాళ్లు కట్టాను. వారం తర్వాత విప్పితే క్లాత్ మీద చుక్కలు చుక్కలుగా నల్ల బూజు. క్లాత్ మార్చడానికి 2015 జనవరిలో కలకత్తా నుంచి వచ్చిన ఫిట్టర్ ఆ షీటు చూసి, "వాన నీళ్లు చేసిన నష్టం సగమే సార్, మిగతా సగం దీనిది" అన్నాడు. తడిని బయటికి పోనివ్వకుండా బంధించేశానన్న మాట. టేబుల్ మీద నూలు దుప్పటే కప్పాలి. ప్లాస్టిక్, రెక్సిన్ కవర్లు మన తీరంలో పనికిరావు.

కొత్త క్లాత్ వేయించాను కదా, ఇక జాగ్రత్తగా ఉందామని రెండు టన్నుల ఇన్వర్టర్ ఏసీ పెట్టించాను. సాయంత్రం అయిదింటికి 22 డిగ్రీల మీద వేసి, పది గంటలకి ఆట అయ్యాక ఆపేసేవాళ్లం. అన్నయ్యకి ఏసీ పడదు, ఒళ్లు నొప్పులు. ఏసీ ఆపిన మరుక్షణం, "ఒరే, ఆ కిటికీలు తియ్యరా, కాస్త గాలి రానీ" అనేవాడు. తీసేవాణ్ని. హాయిగా సముద్రపు గాలి వచ్చేది. అలా ఒక వేసవి, ఒక వానాకాలం గడిచాయి.

2016 ఆగస్టులో ఒక రోజు పొద్దున్నే గదిలోకి వెళ్లి, మార్కర్ చేసినట్టే చేతి వెనకభాగం క్లాత్‌కి ఆనించాను. తడి. చెమ్మ అనేంత కాదు, స్పష్టమైన తడి. ఏసీ లేని రోజుల్లో కూడా అంత తడి ఎప్పుడూ లేదు. రెండేళ్లు కూడా తిరగని క్లాత్. ఆ పూట చాలా బాధపడ్డాను.

కారణం దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. అది నా వృత్తిలోనే ఉంది. ఓడలో సరుకు చూసుకునే బాధ్యత చీఫ్ ఆఫీసర్‌ది. జనవరి చలిలో ఉత్తర ఐరోపా రేవులో స్టీల్ కాయిల్స్ ఎక్కించుకుని ఇండియా వైపు వస్తున్నామనుకోండి. ఎర్ర సముద్రం దాటేసరికి బయట గాలి వేడి, తేమ. హోల్డులో, అంటే ఓడ లోపలి సరుకు గదిలో, కాయిల్స్ మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి, అంత బరువున్న ఉక్కు వారాల తరబడి వేడెక్కదు. అప్పుడు గాలాడనిద్దామని వెంటిలేటర్లు తెరిచామో, వేడి గాలి వెళ్లి చల్లటి ఉక్కుకి తగిలి చెమట పట్టేస్తుంది. రేవు చేరేసరికి తుప్పు, ఆ పైన క్లెయిములు. మేం దాన్ని కార్గో స్వెట్ అంటాం. సరుకు ఎక్కించిన నాటి ఉష్ణోగ్రత కంటే బయటి గాలి కనీసం 3 డిగ్రీలు చల్లగా ఉంటేనే వెంటిలేటర్ తెరవాలన్నది ఓడల్లో అందరూ పాటించే పద్ధతి. ఎన్నేళ్లో ఈ లెక్క రోజూ లాగ్ పుస్తకంలో రాశాను. నా ఇంట్లో ఉన్న 800 కిలోల రాయి కూడా చల్లటి సరుకేనన్న సంగతి తట్టలేదు.

అంకెలు చూడండి. ఆగస్టు రాత్రి పదింటికి మా కిటికీ బయట 29 డిగ్రీలు, తేమ 84 శాతం. ఈ గాలి 26 డిగ్రీల దగ్గర మంచుబిందువు పడుతుంది. అంటే 26 కంటే చల్లగా ఏ వస్తువు ఉన్నా దాని మీద నీరు కడుతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే. అయిదు గంటలు 22 మీద ఏసీ వేశాక నా స్లేటు దాదాపు 24 దగ్గర ఉంది. గది అరగంటలో వేడెక్కినా రాయి తెల్లవారేదాకా వేడెక్కదు. కిటికీ తీసిన ప్రతి రాత్రీ ఆ సముద్రపు గాలి నా టేబుల్ మీద చెమట పట్టిస్తూనే ఉంది. సీసా మీద పడితే చుక్కలు కనబడతాయి. ఇక్కడ పైన ఉన్నది ఉన్ని బట్ట. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా నీటిని పీల్చుకుని కూడా చూపుకి పొడిగానే కనబడుతుంది. అందుకే పట్టుబడలేదు.

ఈ ముడి విప్పుకుంటున్న రోజుల్లోనే మన ఊరికి పెద్ద స్నూకర్ వచ్చింది. 2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ బీచ్ రోడ్డులో నోవోటెల్‌లో జరిగింది. ఫైనల్లో జాన్ హిగిన్స్ 5-1తో ఆంథోనీ మెక్‌గిల్ మీద గెలిచారు. అన్నయ్యా నేనూ వెళ్లాం. సెప్టెంబరు నెల, ఎదురుగా సముద్రం, వానల కాలం. నేను మాత్రం బంతి పరుగే చూస్తూ కూర్చున్నాను. ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో స్లేటు కింద హీటర్లు పెడతారన్నది చదివి ఉన్నాను. టేబుల్ పొడిగా, వేగంగా ఉండడానికి ఆ ఏర్పాటు. అప్పటిదాకా అది చలి దేశాల వాళ్ల అవసరమనుకునేవాణ్ని. స్లేటు గది గాలి కంటే కాస్త వెచ్చగా ఉంటే దాని మీద తేమ నిలవదన్నది ఏ దేశంలోనైనా ఒకటే అని ఆ రోజు ఇంటికి నడిచి వస్తుంటే అర్థమైంది. ఓడల్లో ఆపి ఉంచిన పెద్ద మోటార్ల లోపల కూడా చెమ్మ పట్టకుండా చిన్న హీటర్లు వెలుగుతూనే ఉంటాయి. అదీ నాకు తెలిసిందే.

అన్నట్టు, ఈ ఆట పుట్టిందే మన దేశపు వానాకాలంలో. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో, వానలకి బయటికి కదల్లేక బిలియర్డ్స్ టేబుల్ చుట్టూ చేరిన వాళ్లలో నెవిల్ ఛాంబర్లిన్ అనే కుర్ర అధికారి రంగు బంతులు కలిపి దీన్ని తయారుచేశాడు. నియమాలు 1882లో ఊటీ క్లబ్బులో గోడకెక్కాయి. ఆ జబల్‌పూర్ టేబుల్ జూలైలో ఎంత బరువుగా నడిచి ఉంటుందో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక చేసిన పనులు. అన్నిటికన్నా ముందు కొలత. తేమ మీటర్లు అంకె చూపిస్తాయి కానీ, ఆ అంకె నిజమని నమ్మడానికి లేదు. నేను కొన్న మూడింటిలో రెండు ఏడెనిమిది శాతం తేడాగా ఉన్నాయి. పరీక్ష సులువు. ఒక సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చల్లి, మీటరుతో సహా గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. తడి ఉప్పు మీద గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీటరు 68 చూపిస్తే 7 కలుపుకోవాలని దాని వెనకే రాసి అంటించండి. రాయి వేడి చూడడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి కొన్నాను. క్లాత్ మీద కాకుండా, కిందికి వంగి స్లేటు అడుగుభాగం మీద గురిపెట్టి చూస్తాను.

బంతి నడకకి కూడా కొలత కావాలి. "స్లోగా ఉంది" అంటే సరిపోదు. వడ్రంగి చేత రెండంగుళాల ఎత్తున్న టేకు జారుడుబల్ల చేయించాను. బాక్ వైపు కుషన్‌కి ఆనించి పెట్టి, తెల్ల బంతిని పైనుంచి వదిలి, ఎక్కడ ఆగిందో టేపుతో కొలుస్తాను. జనవరిలో మంచి రోజున తొమ్మిదడుగుల ఆరంగుళాలు. ఆ 2016 ఆగస్టు తర్వాతి తడి రోజుల్లో ఏడడుగుల పదకొండు అంగుళాలు. అప్పటి నుంచి ఓడ లాగ్‌లాగే ఒక పుస్తకం పెట్టుకున్నాను: పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది.

ఈ పుస్తకమే ఇంకో సంగతి బయటపెట్టింది. ఏసీ నీళ్ల గొట్టం కింద బకెట్ పెట్టి కొలిచాను. మొదటి గంటలో నీళ్లు బాగా వచ్చేవి. గది 22కి చేరి ఇన్వర్టర్ నెమ్మదించగానే ధార కాస్తా చుక్కలయ్యేది. చల్లదనం ఉంది, తేమ 66 శాతం దగ్గర కూర్చుని ఉంది. ఏసీ ఎంత పెద్దదైతే అంత తొందరగా చల్లబరిచి అంత తొందరగా నీళ్లు తీయడం మానేస్తుంది. నా మిత్రుడు టన్నుల గురించి అడిగినప్పుడు నేను ఉలిక్కిపడింది ఇందుకే.

అందుకని తేమ తీసే యంత్రం, డీహ్యూమిడిఫయర్, విడిగా కొన్నాను. మొదటి రోజు అది పదకొండు లీటర్లు తోడింది. రెండో రోజూ పదకొండే. మూడో రోజూ అంతే. అప్పుడు కాగితం పెన్సిల్ తీసుకుని లెక్క వేశాను. మా గది దాదాపు 100 ఘనపు మీటర్లు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలి అయితే అందులో ఆవిరి మొత్తం రెండున్నర లీటర్ల నీటికి మించదు. నాకు కావాల్సిన 27 డిగ్రీలు, 55 శాతానికి తేవాలంటే అందులో ఒక్క లీటరు తీస్తే చాలు. మరి పదకొండు లీటర్లు ఎక్కడివి? గది నిండా ఉన్న గాలి రోజుకి పదిసార్లకి పైగా మారిపోతోందన్న మాట. నేను సముద్రాన్ని తోడుతున్నాను.

అగరొత్తి వెలిగించి గదంతా తిరిగాను. పొగ ఎటు వంగితే అటు సందు ఉన్నట్టు. తలుపు కింద ముప్పావు అంగుళం. ఏసీ గొట్టం గోడలోంచి వెళ్లే కంత. స్లైడింగ్ కిటికీ రెక్కల మధ్య. పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెనక. ఆశ్చర్యమేమంటే అన్నిటికన్నా ఎక్కువగా స్విచ్ బోర్డుల వెనక నుంచి, గోడలో పైపుల గుండా. ఇవన్నీ మూయడానికి సీలెంట్ ట్యూబులు, రబ్బరు బీడింగు, తలుపు కింద బ్రష్ పట్టీ, రెండు ఆదివారాలు పట్టాయి. తూర్పు వైపు స్లైడింగ్ తీసేసి, ఫ్రేముకి రబ్బరుతో బిగుసుకునే రెక్కల కిటికీ పెట్టించాను. ఆ వారం డీహ్యూమిడిఫయర్ తోడిన నీళ్లు రోజుకి నాలుగు లీటర్లు దాటలేదు. యంత్రం కంటే ఎక్కువ పని చేసింది సీలెంటే. ఖర్చులో అది పదో వంతు కూడా కాదు.

సముద్రపు ఉప్పు సంగతి కూడా చెప్పాలి. కిటికీలు తీసి ఉంచిన నాలుగేళ్లలో కళ్లకి కనబడని ఉప్పు క్లాత్ మీద, కుషన్ల అంచున చేరింది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తాను నీరవుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చూసిన ఏ ఇల్లాలికైనా తెలుసు. వారానికోసారి మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో, మెల్లగా, బాక్ నుంచి పైకి ఒకే దిశలో లాగాలి. దాని తర్వాతే ఇస్త్రీ.

హీటర్లు 2018లో పెట్టాను. కరెంటు ప్యానెల్ బోర్డుల్లో చెమ్మ పట్టకుండా పెట్టే చిన్న పట్టీ హీటర్లు ఆటోనగర్‌లో దొరికాయి. ఒక్కోటీ 50 వాట్లు, మొత్తం నాలుగు. ముట్టుకుంటే చెయ్యి కాలనంత వెచ్చన. కొయ్యకి తగలకుండా ఇనుప బ్రాకెట్ల మీద, స్లేటుకి జానెడు కింద బిగించి, థర్మోస్టాట్, విడి ఎంసీబీ పెట్టించాను. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, బల్బులు వేలాడదీసే ప్రయోగాలు వద్దు. స్లేటు ఇప్పుడు గది గాలి కంటే ఒక డిగ్రీ, డిగ్రీన్నర వెచ్చగా ఉంటుంది. ఏడాది పొడవునా 28 దగ్గర.

దీనివల్ల అన్నయ్య గొడవ కూడా తీరింది. గదిని 22కి దించాల్సిన పనే లేదు. 27 డిగ్రీల్లో తేమ 55 శాతం ఉంటే ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే చాలు, ఒంటికి చెమట పట్టదు. "బయటికంటే ఇక్కడే గాలి బాగుందిరా" అన్నాడు మొదటి వారం. ఏసీ ఇప్పుడు వేసవిలో, వానాకాలంలో, ఆడే మూడు గంటలే. డీహ్యూమిడిఫయర్ తనే కొంత వేడి పుట్టిస్తుంది కాబట్టి ఆ నెలల్లో అది తప్పదు. మొత్తం మీద రోజుకి ఆరేడు యూనిట్లు అవుతోంది. ఒక్క ఏసీనే నమ్ముకున్నప్పుడు ఇంతకు రెట్టింపు అయ్యేది.

క్యూల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. యాష్ కర్ర తేమ పెరిగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. గది నిలకడగా ఉంటే క్యూ కూడా ఉంటుంది. కారు డిక్కీలో మాత్రం వదలకండి. హైదరాబాద్‌లో మా బావమరిదికి బాధ దీనికి తలకిందులు. ఏప్రిల్‌లో గాలి ఎండిపోయి అతని క్యూ ఫెర్రూల్ (కొనకి ఉండే లోహపు తొడుగు) వదులైపోయింది. దానికి విరుగుడుగా గదిలో ఎయిర్ కూలర్ పెట్టాడు. వారంలో టేబుల్ మా ఆగస్టు టేబుల్‌లా తయారైంది. టేబుల్ ఉన్న గదిలోకి కూలర్ రాకూడదు, ఏ ఊళ్లోనైనా.

నిన్న రాత్రి ఎనిమిదింటి లాగ్: బయట 30, తేమ 81. లోపల 27, తేమ 54. స్లేటు 28.2. బంతి తొమ్మిదడుగుల నాలుగంగుళాలు. వానాకాలం నడిమధ్యలో జనవరికి రెండంగుళాలు తక్కువ.

కాబట్టి మిత్రమా, మీ ఇంటికి ఇంకా కిటికీలు బిగించలేదన్నారు కదా. సముద్రం వైపు రెండు బదులు ఒకటే పెట్టండి, అదీ రెక్కల కిటికీ. ఏసీ టన్నున్నర చాలు. డీహ్యూమిడిఫయర్ నీళ్లు నేరుగా బయటికి పోయేలా ఒక పైపు, టేబుల్ కిందికి కరెంటు వైరు ఒకటి, ఫ్లోరింగ్ వేయకముందే వేయించండి. నేను గచ్చు పగలగొట్టించి వేయించుకోవాల్సి వచ్చింది. టేబుల్ దిగే రోజు చెప్పండి, ఉప్పు డబ్బా, జారుడుబల్ల తీసుకుని అన్నయ్యా నేనూ వస్తాం.